సదరన్ బాప్టిస్టుల వివాదాలు: డాలస్‌కు వచ్చిన ఒంగోలు బాప్టిస్టులు ఏం తెలుసుకోవాలి?

సిస్టర్, వందనాలు.

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు సందర్భం తెలుస్తుంది. మీది ఒంగోలు ప్రాంతం, తరతరాలుగా బాప్టిస్టు కుటుంబం. మీ అమ్మమ్మగారు బైబిల్ స్త్రీగా పల్లెలు తిరిగి వాక్యం చెప్పారు. ఇప్పుడు మీరు డాలస్ దగ్గర ఉంటూ, ఒక అమెరికన్ చర్చి భవనంలో ఆదివారం మధ్యాహ్నం జరిగే తెలుగు ఆరాధనకు వెళ్తున్నారు. ఆ సంఘం సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అనే సంఘాల సమాఖ్యకు చెందినదని ఈమధ్యే తెలిసింది. స్త్రీలు కాపరులుగా ఉన్న సంఘాలను ఆ కన్వెన్షన్ వెళ్లగొడుతోందనీ, పిల్లల మీద, ఆడవాళ్ల మీద జరిగిన లైంగిక దాడులను ఏళ్ల తరబడి కప్పిపెట్టారనీ వార్తల్లో చదివి టెన్షన్ పడుతున్నారు. మనమూ వాళ్లూ ఒకటేనా, ఆ సంఘంలో సభ్యత్వం తీసుకోవచ్చా అని అడిగారు.

నేను టెక్సాస్‌లో ఒక తెలుగు సంఘంలో చాలా ఏళ్లుగా డీకన్‌గా ఉన్నాను. కన్వెన్షన్ వార్షిక సభలకు మా సంఘం తరఫున వెళ్లాను. అక్కడి మైకుల దగ్గర జరిగే వాదనలు చెవులారా విన్నాను. 2025 చివరి నాటికి పరిస్థితి ఎలా ఉందో నాకు తెలిసినంతవరకు రాస్తాను.

ముందు చుట్టరికం సంగతి తేల్చుకుందాం. అమెరికా బాప్టిస్టులు 1814లో విదేశీ మిషన్ల కోసం ఒక్కటిగా కూడారు. శామ్యూల్ డే గారు 1836లో తెలుగు ప్రాంతానికి వచ్చినప్పుడూ, 1840లో నెల్లూరులో స్థిరపడినప్పుడూ ఉత్తరాది, దక్షిణాది సంఘాలు కలిసే ఉన్నాయి. ఆ తర్వాత బానిసలున్న యజమానిని మిషనరీగా నియమించవచ్చా అనే గొడవ ముదిరింది. ఉత్తరాదివాళ్లు కుదరదన్నారు. 1845 మే నెలలో జార్జియా రాష్ట్రంలోని అగస్టాలో దక్షిణాది సంఘాలు విడిపోయి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ పెట్టుకున్నాయి. నెల్లూరు మిషన్ ఉత్తరాదివాళ్ల దగ్గరే ఉండిపోయింది. లైమన్ జూయెట్ గారిని, 1865లో వచ్చిన జాన్ క్లౌ గారిని పంపింది వాళ్లే. కరువు కాలం చివర్లో, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా, ఆ పని వెనక ఉన్న కానుకలు ఉత్తరాది సంఘాలవి. వాళ్ల వారసులే ఇప్పటి అమెరికన్ బాప్టిస్ట్ చర్చెస్ యూఎస్ఏ. 1962లో ఏర్పడిన మన తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం అనే సంస్థ ఆ కొమ్మకు చెందినది. కాకినాడ నుంచి శ్రీకాకుళం వరకు ఉన్న బాప్టిస్టు సంఘాల మూలం కెనడాలో ఉంది. సదరన్ బాప్టిస్టులు మన దేశంలో పని మొదలుపెట్టింది చాలా ఆలస్యంగా. 1973లో తెరిచిన బెంగళూరు బాప్టిస్ట్ హాస్పిటల్ వాళ్ల పనిలో బాగా పేరున్నది.

కాబట్టి బాప్తిస్మం విషయంలో, బైబిలు విషయంలో మనకూ వాళ్లకూ నమ్మకాలు చాలావరకు కలుస్తాయి గానీ సంస్థగా మనం వాళ్ల బిడ్డలం కాము. ప్రపంచ బాప్టిస్టు సంఘాలు కలిసే బాప్టిస్ట్ వరల్డ్ అలయన్స్ నుంచి కూడా సదరన్ బాప్టిస్టులు 2004లో బయటికి వెళ్లిపోయారు. మన సమావేశం అందులోనే ఉంది. తమ పుట్టుకకు కారణమైన బానిసత్వం గురించి సదరన్ బాప్టిస్టులు 1995లో, నూట యాభై ఏళ్ల తర్వాత, అట్లాంటా సభలో తీర్మానం చేసి నల్లజాతి సోదరులను క్షమాపణ అడిగారు. ఆలస్యమే అయినా అది దాపరికం లేకుండా చేసిన పని, మెచ్చుకోవాలి.

ఇక కన్వెన్షన్ ఎలా నడుస్తుందో తెలియకపోతే వార్తలు అర్థం కావు. ఇక్కడ బిషప్ ఉండరు. డయోసిస్ ఉండదు. సంఘం ఆస్తి సంఘానిదే, కాపరిని పిలుచుకునేదీ పంపేసేదీ సంఘమే. ప్రతి సంఘం ఏటా జూన్‌లో జరిగే సభకు మెసెంజర్లు అనే ప్రతినిధులను పంపుతుంది. ఆ రెండు రోజులూ వాళ్లు చేతుల్లోని బ్యాలెట్ కార్డులు ఎత్తి ఓటు వేస్తారు. మిగతా ఏడాదంతా నాష్‌విల్‌లోని ఎగ్జిక్యూటివ్ కమిటీ పనులు చూస్తుంది. మిషనరీలకు, సెమినరీలకు (పాస్టర్లకు శిక్షణ ఇచ్చే కళాశాలలకు) సంఘాలన్నీ కలిసి డబ్బు పంపే కోఆపరేటివ్ ప్రోగ్రాం 1925లో మొదలైంది, 2025తో నూరేళ్లు నిండాయి. సంఘాలు దాదాపు 47 వేలు. సభ్యులు 2006లో 1 కోటి 63 లక్షలు ఉండగా 2024 నాటికి 1 కోటి 27 లక్షలకు తగ్గారు. అయినా అమెరికాలో ప్రొటెస్టెంట్లలో అతి పెద్ద గుంపు ఇదే.

ఒక సంఘాన్ని కన్వెన్షన్ ఆజ్ఞాపించలేదు. కానీ 'మీరిక మాతో సహకారంలో లేరు' అని ప్రకటించగలదు. వార్తల్లో వెళ్లగొట్టడం అంటున్నది దీన్నే. ఆ సంఘం మూతపడదు, భవనం పోదు, కాపరి ఉద్యోగమూ పోదు. మెసెంజర్లను పంపే హక్కు పోతుంది, కుటుంబంలోంచి తీసేశారన్న బాధ మిగులుతుంది.

స్త్రీల విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. 1979లో హ్యూస్టన్ సభతో సంప్రదాయవాదులు కన్వెన్షన్ పగ్గాలు చేతిలోకి తీసుకున్నారు. బైబిలులో పొరపాటు లేదన్న నమ్మకాన్ని సెమినరీల్లో మళ్లీ నిలబెట్టడమే తమ లక్ష్యమన్నారు. 1984లో స్త్రీలకు అభిషేకం ఇవ్వకూడదని తీర్మానం చేశారు. 2000లో 'బాప్టిస్ట్ ఫెయిత్ అండ్ మెసేజ్' అనే విశ్వాస ప్రకటనను సవరించి, సేవకు స్త్రీ పురుషులిద్దరికీ వరాలున్నా పాస్టర్ పదవి పురుషులకే పరిమితం అని రాశారు. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఏడాదే కన్వెన్షన్‌తో తెగతెంపులు చేసుకున్నారు. లక్షలమంది స్త్రీలకు బైబిలు పాఠాలు చెప్పిన బెత్ మూర్ 2021లో బయటికి వెళ్లారు.

అదే 2021 మే నెలలో కాలిఫోర్నియాలోని సాడిల్‌బ్యాక్ చర్చి ముగ్గురు స్త్రీలను పాస్టర్లుగా అభిషేకించింది. రిక్ వారెన్ స్థాపించిన ఆ సంఘం మన తెలుగు సంఘాల్లో కూడా చాలామందికి తెలుసు. 2023 ఫిబ్రవరిలో ఎగ్జిక్యూటివ్ కమిటీ దాన్ని తీసేసింది. జూన్‌లో న్యూ ఆర్లీన్స్ సభలో రిక్ వారెన్ స్వయంగా వచ్చి అప్పీలు చేసుకున్నారు. మెసెంజర్లు 1,212 మంది ఆయన వైపు, 9,437 మంది తీసివేత వైపు ఓటేశారు. అదే రోజు లూయివిల్‌లోని ఫెర్న్ క్రీక్ అనే చిన్న సంఘం కూడా పోయింది. అక్కడ మూడు దశాబ్దాలుగా కాపరిగా ఉన్న లిండా బార్న్స్ పాపమ్ గారు తానే మైకు దగ్గరికి వచ్చి మాట్లాడారు. ఆమెకు వచ్చినవి 806 ఓట్లు, ఆమె సంఘానికి వ్యతిరేకంగా పడినవి 9,700. సాడిల్‌బ్యాక్‌కు పేరుంది, డబ్బుంది, వాళ్లకు కన్వెన్షన్ లేకపోయినా గడుస్తుంది. నా మనసు మాత్రం ఫెర్న్ క్రీక్ దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో ఒక చిన్న సంఘాన్ని మూడు దశాబ్దాలు కాసిన మనిషి కదా.

ఆ తర్వాత 'లా అమెండ్‌మెంట్' వచ్చింది. వర్జీనియాలోని మైక్ లా అనే పాస్టర్ ప్రతిపాదించాడు కాబట్టి ఆ పేరు. ఏ రకమైన పాస్టర్‌గానైనా స్త్రీలు ఉన్న సంఘం కన్వెన్షన్‌లో ఉండకూడదని కన్వెన్షన్ సొంత రాజ్యాంగంలోనే రాయాలన్నది దాని సారం. రాజ్యాంగం మార్చాలంటే వరసగా రెండు సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 2023లో వచ్చాయి. 2024లో ఇండియానాపొలిస్‌లో 61 శాతం దగ్గర ఆగిపోయింది. సౌత్ కరోలినాలో ఒక పెద్ద సంఘం మీద కమిటీ చర్య తీసుకోలేదన్న కోపంతో అదే మాటను 2025 జూన్‌లో డాలస్ సభకు మళ్లీ తెచ్చారు. అనుకూలం 3,421, వ్యతిరేకం 2,191. అంటే దాదాపు 61 శాతం, మళ్లీ చాలలేదు.

ఈ లెక్కల్ని చాలామంది తప్పుగా చదువుతున్నారు. సవరణ ఓడింది కాబట్టి సదరన్ బాప్టిస్టులు మెత్తబడ్డారని కొన్ని పత్రికలు రాశాయి. అది నిజం కాదు. వ్యతిరేకంగా ఓటేసినవాళ్లలో ఎక్కువమంది కూడా ప్రధాన కాపరి పురుషుడే ఉండాలని నమ్మేవాళ్లే. వాళ్ల వాదన ఏమిటంటే, విశ్వాస ప్రకటన ఇప్పటికే ఉంది, దాంతోనే సంఘాలను తీసేస్తున్నాం, కొత్త నిబంధన పెడితే కోర్టు ఖర్చులు, అనుమానాలు పెరుగుతాయి అని. 2024లో సవరణ ఓడిన సభలోనే, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా ఫస్ట్ బాప్టిస్ట్ సంఘాన్ని 92 శాతం ఓట్లతో తీసేశారు. సిద్ధాంతంలో మార్పు లేదు, దాన్ని ఏ తాళంతో బిగించాలన్నదే తగాదా.

మనలాంటి సంఘాలకు ఇందులో ఒక చిక్కు ఉంది. కన్వెన్షన్‌లోని నల్లజాతి సంఘాల ఫెలోషిప్ 2023లోనే ఈ విషయం ఎత్తి చూపింది. వాళ్ల సంఘాల్లో ప్రధాన కాపరి పురుషుడే అయినా పిల్లల సేవ, స్త్రీల సేవ చూసే ఆడవాళ్లను కూడా గౌరవంగా పాస్టర్ అని పిలుస్తారు. మన దగ్గరా అంతే. అయ్యగారి భార్యను పాస్టరమ్మ అంటాం. ఆమె స్త్రీల కూడికల్లో వాక్యం చెబుతుంది, ఉపవాస ప్రార్థనలు నడుపుతుంది, రోగుల ఇళ్లకు వెళ్తుంది. జీతం ఉండదు, అభిషేకం ఉండదు, పని మాత్రం పూర్తిస్థాయి కాపరిది. మీ సంఘం వెబ్‌సైట్‌లో ఆమె ఫొటో కింద ఏం రాశారన్నది కూడా రేపు ఒక ఫిర్యాదుకు కారణం కావచ్చు. డాలస్ చుట్టుపక్కల కొన్ని భారతీయ సంఘాల పెద్దలు ఇప్పటికే ఈ జాగ్రత్త పడుతున్నారు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. పౌలు మొదటి తిమోతి రెండో అధ్యాయంలో రాసింది చదివి, కాపరి పదవి పురుషులకే అని నమ్మే నిజాయితీపరులు నాకు చాలామంది తెలుసు. వాళ్లు భార్యల్ని, కూతుళ్లని చిన్నచూపు చూసేవాళ్లు కారు. యోవేలు ప్రవచనాన్ని పెంతెకొస్తు రోజున పేతురు ఎత్తి చెప్పడం, రోమా పత్రిక చివరి అధ్యాయంలో ఫీబే, ప్రిస్కిల్ల పేర్లు చూసి వేరేగా నమ్మేవాళ్లూ బైబిలును పక్కన పెట్టినవాళ్లు కారు. నేను రెండో వైపు ఉన్నాను. క్లౌ గారి కాలం నుంచీ పల్లెపల్లెకూ వాక్యం తీసుకెళ్లినవాళ్లలో బైబిల్ స్త్రీలు ఎంతమంది! మగ ప్రసంగీకులు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లింది వాళ్లే. మీ అమ్మమ్మగారిలాంటి వాళ్లు లేకపోతే ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో సగం సంఘాలు ఉండేవి కావని నా నమ్మకం. సదరన్ బాప్టిస్టులు కూడా ప్రతి క్రిస్మస్‌కు విదేశీ మిషన్ల కోసం పట్టే కానుక లాటీ మూన్ అనే స్త్రీ పేరుతోనే ఉంది. ఆమె చైనాలో దాదాపు నలభై ఏళ్లు పనిచేసింది. అయినా ఈ ఒక్క విషయం కారణంగా ఒక సంఘంలో చేరవద్దని నేను ఎవరికీ చెప్పను. చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో 2013లోనే నంద్యాలకు పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, మన తెలుగునాట ఆ మెట్టు ఎక్కిన సంఘం ఉంది. ఎక్కని సంఘాలూ ఉన్నాయి. క్రైస్తవులు ఈ విషయంలో ఇంకా కొంతకాలం విడివిడిగానే ఉంటారు.

రెండో విషయంలో నేను ఇంత మెత్తగా మాట్లాడలేను.

2019 ఫిబ్రవరిలో హ్యూస్టన్ క్రానికల్, సాన్ ఆంటోనియో ఎక్స్‌ప్రెస్ న్యూస్ పత్రికలు ఒక పరిశోధన ప్రచురించాయి. రెండు దశాబ్దాల కాలంలో దాదాపు 380 మంది సదరన్ బాప్టిస్టు పాస్టర్లు, సేవకులు, వాలంటీర్ల మీద లైంగిక నేరాల ఆరోపణలున్నాయనీ, బాధితులు 700 మందికి పైనే అనీ కోర్టు కాగితాలతో సహా బయటపెట్టాయి. అందులో ఎక్కువమంది పిల్లలు. ఒక ఊళ్లో దొరికిపోయినవాడు ఇంకో ఊరికి పోయి మళ్లీ పాస్టర్ అయిన ఉదాహరణలు ఉన్నాయి.

ఇది అప్పటికి కొత్త విషయం కాదు. చిన్నతనంలో తన చర్చి సేవకుడి చేతిలో నలిగిన క్రిస్టా బ్రౌన్ అనే ఆవిడ 2000ల మధ్య నుంచే మొరపెట్టుకుంటోంది. నేరం రుజువైన, నమ్మదగిన ఆరోపణలున్న సేవకుల జాబితా ఒకటి పెట్టండి, ఏ సంఘమైనా కాపరిని పిలిచే ముందు చూసుకుంటుంది అని ఆమె అడిగింది. 2008లో ఎగ్జిక్యూటివ్ కమిటీ కుదరదంది. కారణం ఏం చెప్పారంటే, మా సంఘాలన్నీ స్వతంత్రమైనవి, మేం వాటి మీద పెత్తనం చేయలేం అని.

2021లో నాష్‌విల్ సభలో మెసెంజర్లు తిరగబడ్డారు. నాయకులు సుముఖంగా లేకపోయినా, బయటి సంస్థతో విచారణ జరిపించాల్సిందే అని పట్టుబట్టి ఓటేసి సాధించారు. మామూలు పల్లె సంఘాల నుంచి వచ్చినవాళ్లు మైకుల దగ్గర నిలబడి సాధించిన పని అది. బాప్టిస్టు పద్ధతి మీద నాకున్న గౌరవం అలాంటి రోజుల వల్లే నిలిచింది. 2022 మే నెలలో గైడ్‌పోస్ట్ సొల్యూషన్స్ సంస్థ దాదాపు 300 పేజీల నివేదిక ఇచ్చింది. అందులో తేలిన విషయం చదివి చాలామంది ఏడ్చారు. జాబితా పెట్టడం మా చేతిలో లేదని బయట చెబుతూనే, ఎగ్జిక్యూటివ్ కమిటీ ఉద్యోగి ఒకరు ఆరోపణలున్న సేవకుల పేర్లతో లోపల ఒక జాబితా నడుపుతూ వచ్చారు. 703 పేర్లు. దాన్ని సంఘాలకు ఇవ్వలేదు, పిల్లల్ని కాపాడటానికి వాడలేదు. ఫిర్యాదు చేసిన ఆడవాళ్లకు జవాబివ్వకపోవడం, వాళ్లను సంఘ ద్రోహులుగా చూడటం, కోర్టులో డబ్బు కట్టాల్సి వస్తుందన్న భయాన్నే ముందు పెట్టుకోవడం, అన్నీ ఆ నివేదికలో ఉన్నాయి.

ఆ ఏడాది అనహైమ్ సభ 'మినిస్ట్రీ చెక్' పేరుతో అందరికీ కనిపించే వెబ్‌సైట్ పెట్టాలని తీర్మానించింది. మూడేళ్లు గడిచాయి. కమిటీ వేశారు, దాని గడువు ముగిసింది, ఇన్సూరెన్సు దొరకదన్నారు, లాయర్లు వద్దన్నారు. 2025 ఫిబ్రవరిలో ఎగ్జిక్యూటివ్ కమిటీ అధ్యక్షుడు జెఫ్ ఐయోర్గ్, ఆ జాబితా ప్రస్తుతానికి తమ ముఖ్యమైన పనుల్లో లేదని చెప్పేశారు. 2022లో మొదలైన అమెరికా కేంద్ర న్యాయశాఖ విచారణ కూడా 2025 మార్చిలో ముగిసింది. లైంగిక నేరాల మీద కేసులేవీ రాలేదు. విచారణలో ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పినందుకు ఒక మాజీ సెమినరీ ప్రొఫెసర్‌కు మాత్రం శిక్ష పడింది. కేసులు రాలేదు కాబట్టి ఏమీ జరగలేదని చెప్పేవాళ్లను నమ్మకండి. పాత నేరాలకు గడువు చట్టాలు అడ్డొస్తాయి, పైగా కేంద్ర చట్టం కిందికి వచ్చే నేరాలు వేరు, రాష్ట్ర కోర్టుల్లో నడిచేవి వేరు.

1979 మార్పుకు సూత్రధారుల్లో ఒకరైన జడ్జి పాల్ ప్రెస్లర్ మీద కూడా లైంగిక దాడి ఆరోపణతో 2017లో కేసు పడింది. ఆయన ఒప్పుకోలేదు. 2023 చివర్లో రాజీ కుదిరింది, 2024లో ఆయన చనిపోయారు. తన మీద జరిగిన లైంగిక దాడిని ధైర్యంగా బయటికి చెప్పిన జెన్నిఫర్ లయెల్ 2025 జూన్‌లో, డాలస్ సభకు సరిగ్గా కొద్ది రోజుల ముందు, 47 ఏళ్లకే కన్నుమూసింది. డాలస్ సభ వేదిక మీద స్వలింగ వివాహ తీర్పు మీదా, జూదం మీదా తీర్మానాలు చదివారు, న్యాయ ఖర్చుల కోసం మిషన్ కానుకల్లోంచి 30 లక్షల డాలర్లు కేటాయించారు. ఆమె చావు గురించి తగినంత దుఃఖం ఆ సభలో కనిపించలేదన్నది నా బాధ.

ఇప్పుడు రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. స్త్రీ కాపరి ఉన్న సంఘం విషయంలో కన్వెన్షన్‌కు స్వతంత్రత అడ్డు రాలేదు. కమిటీ కూర్చుంది, ఉత్తరాలు రాసింది, ఓటు వేయించింది, తీసేసింది. నేరస్థుడైన సేవకుడి పేరు పక్క సంఘానికి చెప్పాల్సి వచ్చేసరికి స్వతంత్రత అడ్డొచ్చింది. స్థానిక సంఘ స్వతంత్రత మన బాప్టిస్టులందరికీ విలువైన సిద్ధాంతం. దాని కోసం ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మన పితరులు జైళ్లకు వెళ్లారు. దాన్ని పిల్లలకు కంచెగా కాకుండా లాయర్లకు కంచెగా వాడటమే నాకు మింగుడు పడని విషయం.

వాళ్ల పక్షాన ఒక మాట చెప్పాలి. 2019లోనే, లైంగిక దాడుల విషయంలో నిర్లక్ష్యం చేసిన సంఘాలను కూడా తీసేయవచ్చని నిబంధన మార్చేందుకు ఓటేశారు. 2021 ఫిబ్రవరిలో నేరం రుజువైనవాళ్లను కాపరులుగా పెట్టుకున్న రెండు సంఘాలను తీసేశారు. సాడిల్‌బ్యాక్‌ను తీసేసిన రోజున తీసేసిన ఆరు సంఘాల్లో ఐదు స్త్రీ కాపరుల కారణంగా పోతే, ఒకటి ఈ కారణంగా పోయింది. శిక్షణ ఇచ్చే విభాగం పెట్టారు. రాష్ట్ర స్థాయిలో నిజంగా కష్టపడుతున్న మనుషులు ఉన్నారు, నాకు తెలుసు.

మన ఇంటి సంగతి మాట్లాడకుండా అమెరికావాళ్లను మాత్రమే తప్పుపడితే అన్యాయం అవుతుంది. తెలుగు సంఘాల్లో ఇలాంటివి జరిగినప్పుడు మొదట వినిపించే మాట, దేవుడు అభిషేకించినవారిని ముట్టకూడదు అని. కీర్తనల్లోని ఆ మాట అన్యరాజుల చేతుల నుంచి దేవుడు తన ప్రజల్ని కాపాడిన సందర్భంలోనిది. దాన్ని తప్పు చేసిన సేవకుడికి కవచంగా వాడటం వాక్యాన్ని వంచడం. రెండో మాట పరువు, ముఖ్యంగా ఆడపిల్ల పెళ్లి. మూడో మాట, బయట మతం మీద దాడులు జరుగుతున్న రోజుల్లో మన సంగతి మనమే బజారులో పెట్టుకోవాలా అని. ఈ మూడూ కలిసి పిల్లల నోరు నొక్కేస్తాయి. పైగా మన స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి కన్వెన్షన్ లేదు, మెసెంజర్లు లేరు, ట్రస్టులో ఉన్నది పాస్టర్ కుటుంబమే. ఫిర్యాదు చేయడానికి పైన ఎవరూ ఉండరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలో ఉన్నవాళ్లు ఇది చదివితే గుర్తుపెట్టుకోండి: 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం నేరం. సంఘ పెద్దలు కూర్చొని రాజీ చేయడానికి అందులో తావు లేదు.

ఇక మీరు చేయాల్సింది. సభ్యత్వం ఇవ్వమని అడిగే ముందు పాస్టర్ గారితో, ఇద్దరు పెద్దలతో కూర్చొని మాట్లాడండి. సంఘం ఏ కన్వెన్షన్లలో ఉందో స్పష్టంగా అడగండి. టెక్సాస్‌లో రెండు రాష్ట్ర కన్వెన్షన్లు ఉన్నాయి. బాప్టిస్ట్ జనరల్ కన్వెన్షన్ ఆఫ్ టెక్సాస్ పాతది, కొంత మధ్యస్థం. సదరన్ బాప్టిస్ట్స్ ఆఫ్ టెక్సాస్ కన్వెన్షన్ 1998లో ఏర్పడింది, జాతీయ కన్వెన్షన్ బాటలోనే నడుస్తుంది. మొదటిదానిలో ఉన్న సంఘాలన్నీ జాతీయ కన్వెన్షన్‌లో ఉన్నట్టు కాదు. మీ తెలుగు గుంపు విడి సంఘమా, లేక ఆ అమెరికన్ సంఘంలో భాగమా అన్నది కూడా ముఖ్యం. భాగమే అయితే మీరు సంతకం పెట్టే విశ్వాస ప్రకటన వాళ్లది, డబ్బు లెక్కలు వాళ్లవి, ఓటు హక్కు మీకు ఉంటుందో ఉండదో వాళ్ల నిబంధనల్లో ఉంటుంది. ఆ నిబంధనల పుస్తకం ఒక కాపీ అడగండి. ఇవ్వడానికి ఇబ్బంది పడే సంఘం గురించి మరోసారి ఆలోచించుకోవాలి.

స్త్రీల సేవ గురించి, మీరు సండే స్కూల్లో పెద్దల క్లాసు చెప్పవచ్చా, ప్రార్థన నడపవచ్చా, సాక్ష్యం చెప్పవచ్చా అని నేరుగా అడగండి. సిద్ధాంతం ఒకటే అయినా ఒక్కో సంఘంలో ఒక్కో ఆచరణ ఉంటుంది. మీకు వాక్యం చెప్పే వరం ఉందని మీ ఉత్తరంలో తెలుస్తోంది, అది పదేళ్లు మూలన పడిపోయే చోట చేరితే తర్వాత మీరే బాధపడతారు.

అన్నిటికంటే ముందు పిల్లల గదులు చూడండి. తలుపులకు అద్దాలున్నాయా, పిల్లలతో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉంటున్నారా, పిల్లల్ని తీసుకెళ్లేటప్పుడు ట్యాగు చూస్తున్నారా, వాలంటీర్లందరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయిస్తున్నారా. ఉదయం ఇంగ్లిష్ ఆరాధనలో ఇవన్నీ పక్కాగా ఉండి, మధ్యాహ్నం తెలుగు ఆరాధనలో మాత్రం అందరూ మనవాళ్లేలే అని వదిలేయడం నేను చాలాచోట్ల చూశాను. పాస్టర్ గారి మీదే ఫిర్యాదు వస్తే ఎవరు తీసుకుంటారు, పోలీసులకు ఎవరు చెబుతారు అని అడగండి. టెక్సాస్ చట్టం ప్రకారం పిల్లల మీద దాడి జరిగిందని అనుమానం వచ్చిన ప్రతి ఒక్కరూ వెంటనే ప్రభుత్వానికి తెలపాలి, పాస్టర్లకు మినహాయింపు లేదు. ముందు సంఘంలో విచారిస్తాం, తర్వాత చూద్దాం అని జవాబొస్తే మీ పిల్లల్ని అక్కడ వదలకండి, ప్రసంగాలు ఎంత బాగున్నా సరే.

ఈ జవాబులు బాగుంటే సంకోచం లేకుండా చేరండి. ఒంగోలు నుంచి తెచ్చుకున్న సభ్యత్వ బదిలీ ఉత్తరం సదరన్ బాప్టిస్టు సంఘాల్లో మామూలుగా చెల్లుతుంది, మీది ముంచి ఇచ్చిన బాప్తిస్మమే కాబట్టి మళ్లీ తీసుకోవాల్సిన పని ఉండదు. ఎవరైనా తీసుకోవాలంటే కారణం అడగండి. చేరాక మీ సంఘం మెసెంజర్లను పంపుతుందో లేదో కనుక్కోండి, పంపకపోతే మీ పేరే ఇవ్వండి. స్త్రీలు మెసెంజర్లుగా వెళ్లవచ్చు, ఓటు వేయవచ్చు, మైకు దగ్గర మాట్లాడవచ్చు. 2025 తర్వాతి సభను 2026 జూన్‌లో ఓర్లాండోలో పెట్టాలని నిర్ణయించారు. వార్తల కోసం బాప్టిస్ట్ ప్రెస్, బాప్టిస్ట్ న్యూస్ గ్లోబల్ రెండూ చూడండి. మొదటిది కన్వెన్షన్ సొంత వార్తాసంస్థ, రెండోది వాళ్లను విమర్శించే బాప్టిస్టులది. ఒకే విషయం మీద రెండింటి కథనాలూ చదివాకే ఒక అభిప్రాయానికి రండి.